53 పేర్లు రాయడానికి నాకు ఆరు నెలలు పట్టింది

2025 ఆగస్టు 26, మంగళవారం. మర్నాడు వినాయక చవితి. మా ఆవిడ కిచెన్‌లో ఉండ్రాళ్లకి బియ్యపు రవ్వ జల్లిస్తోంది. నేను డైనింగ్ టేబుల్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు తెరుచుకుని కూర్చున్నా. ఒకదాంట్లో ఆఫీసు మీటింగ్ మ్యూట్‌లో నడుస్తోంది, రెండోదాంట్లో ఎక్సెల్ షీట్, అందులో 53 పేర్లు. "పాలవెల్లికి కట్టడానికి పళ్లు తెస్తానన్నారు, ఎప్పుడు తెస్తారు?" అంది. "మూడింటి దాకా ఆగు" అన్నా. మూడింటికి ఏముందని అడగలేదు. మార్చి నుంచీ ఈ గోల వింటూనే ఉంది పాపం.

మూడింటికి ఏముందంటే, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న 32 జట్లూ ఆ టైముకల్లా తమ దగ్గరున్న 90 మందిని 53కి తగ్గించుకోవాలి. లీగ్ మొత్తం మీద వెయ్యి మందికి పైగా కుర్రాళ్ల పేర్లు లిస్టుల్లోంచి లేచిపోతాయి. మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో, అంటే డల్లాస్ కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ 'ది స్టార్' ఉన్న ఊళ్లోనే. మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం మేం ఎనిమిది మందిమి పందెం కట్టాం. మన జట్టు ఆఖరికి ఏ 53 మందిని ఉంచుకుంటుందో ఎవరికి వాళ్లు రాయాలి, ఆగస్టు వరకు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, అందరికంటే తక్కువ కరెక్ట్ అయినవాళ్లు ఎనిమిది కుటుంబాలకీ బిర్యానీ ట్రేలు తేవాలి. ఎంత పెద్ద విషయం, తెల్సినవాళ్ల పేర్లే కదా అనుకున్నా. అది ఎంత పెద్ద విషయమో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

నేను క్రికెట్ మనిషినే. ఇక్కడికొచ్చిన కొత్తలో ఈ ఆట చూస్తే ఐదు సెకన్లు గుద్దుకోవడం, ముప్ఫై సెకన్లు ముచ్చట్లు, మధ్యలో ట్రక్కుల అడ్వర్టైజ్‌మెంట్లు, ఇదేం ఆటరా బాబూ అనిపించేది. మార్చింది మా పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటాయి, గ్యారేజీ తలుపు ఎత్తేసి మడత కుర్చీలు వేసి, పాత టీవీలో మ్యాచ్ పెట్టి, దారిన పోయేవాళ్లందర్నీ పిలుస్తాడు. టామ్ లాండ్రీ కోచ్‌గా ఉన్న రోజుల నుంచీ చూస్తున్న మనిషి. ఆయనతో ఏ మాట మొదలెట్టినా 1995 సీజన్ దగ్గరికి వెళ్లి ఆగుతుంది. ఎందుకంటే కౌబాయ్స్ ఆఖరిసారి సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచింది ఆ సీజన్‌లోనే, 1996 జనవరిలో, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మీద 27-17. ఆ తర్వాత ఫైనల్ సంగతి సరే, దాని ముందు మెట్టు కూడా ఎక్కలేదు. అయినా ఈ ఊళ్లో ఏడాదికి పన్నెండు నెలలూ ఈ జట్టు గురించే మాట్లాడతారు. మ్యాచ్‌లు లేనప్పుడు ఇంకా ఎక్కువ మాట్లాడతారు.

మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఐపీఎల్ వేలానికి ముందు ఎవర్ని రిటైన్ చెయ్యాలి, ఎవర్ని వదిలెయ్యాలి అని కొట్టుకుంటామే, అలాంటిదే. కాకపోతే అది రెండు మూడు వారాల ముచ్చట. ఇది ఆరు నెలలు. ఐపీఎల్‌లో పర్సు ఉన్నట్టే ఇక్కడ శాలరీ క్యాప్ ఉంటుంది. 2025లో అది ఒక్కో జట్టుకి 279.2 మిలియన్ డాలర్లు. మన పర్సుతో తేడా ఎక్కడంటే, ఇక్కడ అప్పు చెయ్యొచ్చు. ఆటగాడి జీతాన్ని బోనస్‌గా మార్చి చేతికి డబ్బు ఇచ్చేస్తారు, పుస్తకాల్లో మాత్రం ఆ బోనస్‌ని ఐదేళ్ల వరకు ముక్కలు చేసి రాసుకుంటారు. క్రెడిట్ కార్డు బిల్లుని ఈఎంఐకి మార్చుకున్నట్టే. ఈ నెల హాయిగా ఉంటుంది, ఆ వస్తువు పాడైపోయాక కూడా ఈఎంఐ వస్తూనే ఉంటుంది. ఆటగాణ్ని తీసేశాక మిగిలే ఆ వాయిదాల్నే ఇక్కడ డెడ్ మనీ అంటారు. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు నాలుగు సీజన్లు పట్టింది. ఆ మార్చిలో కౌబాయ్స్ వాళ్లు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్, దాన్ని పట్టే రిసీవర్ సీడీ ల్యాంబ్ ఇద్దరి కాంట్రాక్టుల్నీ అలా మార్చి, యాభై మిలియన్లకు పైగా చోటు చేసుకున్నారు. చోటు చేసుకున్నారంటే పెద్దవాళ్లని కొంటారనేగా! అందరం ఎదురుచూశాం. చిన్న చిన్న ఒప్పందాలే వచ్చాయి.

మా గ్యాంగ్‌లో మొదటి గొడవ రికో డౌడిల్ మీద. 2020లో డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఎవ్వరూ తీసుకోకపోతే కౌబాయ్స్‌లో చేరి, గాయాలు, బెంచీ అన్నీ దాటుకుని, 2024లో బంతి పట్టుకుని 1,079 గజాలు పరిగెత్తిన కుర్రాడు. మార్చిలో వాణ్ని వదిలేశారు. కరోలినా పాంథర్స్ ఏడాదికి 2.75 మిలియన్లకి తీసుకెళ్లింది. మనవాళ్లు దాదాపు అదే డబ్బుకి, 3 మిలియన్లకి, డెన్వర్ నుంచి జవాంటే విలియమ్స్‌ని తెచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో పెరిగిన పిల్లాణ్ని పంపించేసి, మోకాలి ఆపరేషన్ అయిన పక్కింటి పిల్లాణ్ని అదే ధరకి తెచ్చుకోవడం ఏం లెక్క? మా గుంటూరు అన్న మాత్రం కదల్లేదు. "నువ్వు గజాలు చూస్తున్నావు తమ్ముడూ. వీళ్లు బ్లాకింగ్ చూస్తారు, పాస్ పట్టడం చూస్తారు, ఒంట్లో ఎన్ని దెబ్బలున్నాయో చూస్తారు. మనకి కనపడేది టీవీలో సగమే" అన్నాడు. ఆ రాత్రి పదకొండున్నర దాకా సాగింది. ఆఖర్న గుంటూరు వదిన లైట్లు ఆర్పేసింది కాబట్టి ఆపాం.

అదే నెలలో డిమార్కస్ లారెన్స్ సియాటిల్ వెళ్లిపోయి, డల్లాస్‌లో ఉంటే సూపర్ బౌల్ గెలవడం జరిగే పని కాదన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. దానికి మైకా పార్సన్స్ బహిరంగంగానే విరుచుకుపడ్డాడు. అప్పుడు మేమంతా మైకాని చూసి "వీడురా మనవాడు" అనుకున్నాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మైకా గురించి తెలియనివాళ్లకి: 2021 డ్రాఫ్ట్‌లో 12వ పిక్, అంటే పన్నెండో వంతులో ఎంచుకున్నవాడు. పని ఏంటంటే అవతలి క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే వెళ్లి పడేయడం. దాన్ని శాక్ అంటారు. నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు. మా అబ్బాయికి పదేళ్లు, వాడి గదిలో గోడ మీద మైకా, వాడి ఒంటి మీద 11 నంబర్ జెర్సీ. పండగలకి తీసిన ఫొటోల్లో కూడా, పట్టు పంచె మీద ఆ జెర్సీయే. మైకా కాంట్రాక్టులో మిగిలింది ఒక్క ఏడాది, దానికి 24 మిలియన్లు. కొత్త కాంట్రాక్టు ఎప్పుడు ఎంతకి ఇస్తారన్నదే ఆ ఆఫ్‌సీజన్ మొత్తానికి అసలు ప్రశ్న.

ఇక్కడ వరస చూడండి. మార్చి మొదట్లో ఇదే పని చేసే మ్యాక్స్ క్రాస్బీకి లాస్ వేగాస్ ఏడాదికి 35.5 మిలియన్లు ఇచ్చింది. వారం తిరక్కుండానే మైల్స్ గారెట్‌కి క్లీవ్‌ల్యాండ్ 40 ఇచ్చింది. జులైలో టీజే వాట్‌కి పిట్స్‌బర్గ్ 41 ఇచ్చింది. వీళ్లందరి కంటే మైకా చిన్నవాడు. ఆగిన ప్రతి నెలా ధర పెరుగుతోందని మాకే కనపడుతుంటే, జట్టు ఓనరూ జనరల్ మేనేజరూ రెండూ తానే అయిన జెర్రీ జోన్స్‌కి కనపడదా? "కనపడుతుంది, కానీ ఆయనకి ఆఖరి నిమిషం అంటే ఇష్టం" అని మా పక్కింటి పెద్దాయన థియరీ. కాదనలేం. అంతకుముందు ఏడాది ల్యాంబ్‌కి నాలుగేళ్లకి 136 మిలియన్లు ఇచ్చింది ఆగస్టు 26న. డాక్‌కి నాలుగేళ్లకి 240 మిలియన్లు ఇచ్చింది సెప్టెంబర్ 8న, సీజన్ మొదటి మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు. పెళ్లికొడుకు మండపంలో కూర్చున్నాక కట్నం మాట్లాడినట్టు.

జెర్రీ చెప్పిందేమిటంటే మార్చిలోనే మైకాతో తాను నేరుగా కూర్చుని అంతా మాట్లాడేసుకున్నానని. మైకా చెప్పిందేమిటంటే అది మామూలు మాటల్లో వచ్చిన సంగతి, బేరం కాదు, బేరం మా ఏజెంటుతో ఆడాలి అని. మా హన్మకొండ తమ్ముడు అప్పట్నుంచీ ఒకటే పాట: "అన్నా, ఏజెంటు లేకుండ పోరగాన్ని ఒక్కన్నే గదిల కూసోబెట్టి మాట్లాడుడేంది? మనకి హెచ్‌ఆర్ అట్ల జేస్తే ఊకుంటమా?" దానికి గుంటూరు అన్న: "మనకి 40 మిలియన్లు ఇస్తానంటే నేను లిఫ్ట్‌లో కూడా సంతకం పెడతా." ఈ రెండు మాటల చుట్టూనే మా ఐదు నెలలు తిరిగాయి.

మధ్యలో ఏప్రిల్‌లో డ్రాఫ్ట్. ఆ ఏడాది అది జరిగింది గ్రీన్ బేలో. మళ్లీ మనకి 12వ పిక్కే. గ్యారేజీలో అందరం రిసీవర్‌ని తీసుకుంటారని కూర్చుంటే, టైలర్ బుకర్ అని అలబామా గార్డ్‌ని తీసుకున్నారు. గార్డ్ అంటే బంతి ముట్టుకోడు, గోడలా నిలబడతాడు. సగం మంది తల పట్టుకున్నారు. పెద్దాయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఎందుకంటే ఆ స్థానంలో పదకొండేళ్లు ఆడిన జాక్ మార్టిన్ ఆ మార్చిలోనే రిటైర్ అయ్యాడు, 2014లో మార్టిన్‌ని తీసుకున్నప్పుడు కూడా ఊరు ఊరంతా ఇలాగే తల పట్టుకుందట. మే నెలలో స్టీలర్స్ నుంచి జార్జ్ పికెన్స్‌ని ట్రేడ్‌లో, అంటే జట్ల మధ్య మార్పిడిలో, తెచ్చేసరికి రిసీవర్ గొడవ కూడా చల్లారింది. నేను నా షీట్‌లో ఇద్దరికీ టిక్కు పెట్టుకున్నా. అప్పటికి నా లెక్కలో 41 మంది ఖాయం, 12 ఖాళీలు.

ఆ 12 దగ్గరే అసలు పని మొదలవుతుంది, నిజం చెప్పాలంటే ఈ ఆట నాకు అక్కడే అర్థమైంది కూడా. స్టార్ల పేర్లు ఎవడైనా రాస్తాడు. కిక్కర్, పంటర్, లాంగ్ స్నాపర్, ఈ ముగ్గురూ ఎనిమిది షీట్లలోనూ ఉన్నారు. లాంగ్ స్నాపర్ అంటే కాళ్ల సందులోంచి బంతిని గురి చూసి వెనక్కి విసరడమే ఉద్యోగం, మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "ఇదేం జీతంరా నాయనా" అంది. కష్టమంతా ఆ తర్వాత. క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరా ముగ్గురా? ముగ్గుర్ని ఉంచితే ఒక లైన్‌మ్యాన్ పోతాడు. ఐదో కార్నర్‌బ్యాక్ కావాలా, ఆరో రిసీవర్ కావాలా? అలా చూస్తే ఆరో రిసీవర్ అసలు రిసీవర్‌గా ఆడడు, కిక్ కొట్టినప్పుడు పరిగెత్తుకెళ్లి పడేసే పనికి ఉంటాడు. అంటే అక్కడ పోటీ ఇద్దరు రిసీవర్ల మధ్య కాదు, ఒక రిసీవర్‌కీ ఒక లైన్‌బ్యాకర్‌కీ మధ్య. ఈ సంగతి తెలియక నేను జులై దాకా ఒక్కో పొజిషన్‌కి విడివిడిగా లిస్టులు రాసుకుంటూ కూర్చున్నా. కూడితే ఎప్పుడూ 57 వచ్చేది. నలుగుర్ని కొట్టెయ్యాలి. ఒక్కణ్ని కొట్టేస్తుంటే మా అబ్బాయి భుజం మీంచి చూసి "నాన్నా, వాడు నిన్న ప్రాక్టీస్ వీడియోలో క్యాచ్ పట్టాడుగా" అనేవాడు. మళ్లీ 54.

నాకు పోయిన మొదటి మార్కు డ్యూస్ వాన్ వల్ల. ఐదున్నర అడుగులకి మించని రన్నింగ్ బ్యాక్, 2023లో ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. వాళ్ల నాన్న కౌబాయ్స్‌లోనే స్కౌట్. ఆ రోజు డ్రాఫ్ట్ గదిలోంచి కొడుక్కి ఫోన్ చేసి, గొంతు పూడుకుపోతుంటే, నాతో కలిసి పనిచేస్తావా అని అడిగిన వీడియో చూసి మా ఇంట్లో అందరం ఏడ్చాం. అలాంటివాణ్ని లిస్టులోంచి ఎలా తీస్తాం? రెండేళ్లలో పెద్దగా ఆడిన మ్యాచ్‌లు లేవు. అదే స్థానానికి కొత్తగా జేడన్ బ్లూ వచ్చాడు, మైల్స్ సాండర్స్ వచ్చాడు. లెక్క ప్రకారం చోటు లేదు. అయినా టిక్కు పెట్టా. ఎవడి డబ్బు పోయింది, నా బిర్యానీ ట్రేనేగా.

ఇక ఆగస్టు 1. మైకా పబ్లిక్‌గా ప్రకటన పెట్టేశాడు, నన్ను ట్రేడ్ చెయ్యండి, ఇక్కడ ఉండాలని లేదు అని. నేనప్పుడు ఆఫీసులో ఉన్నా. నా పక్క క్యూబ్‌లో ఉన్నాయన, ఇరవై ఏళ్ల సర్వీసు, నోరు విప్పి ఎరగడు, కుర్చీలోంచి లేచి బయటికెళ్లి పార్కింగ్ లాట్‌లో అటూ ఇటూ తిరిగాడు. జట్టు అప్పటికి కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్‌లో ట్రైనింగ్ క్యాంప్‌లో ఉంది. జెర్రీ అక్కణ్నుంచే అభిమానుల్ని ఉద్దేశించి, దీని గురించి నిద్ర పాడు చేసుకోకండి అన్నాడు. ఎవరి నిద్ర వాళ్లకి పోయింది. మూడు వారాల తర్వాత, ఆగస్టు 22న, అట్లాంటాతో ఆఖరి ప్రీసీజన్ మ్యాచ్ జరుగుతుంటే మైకా సైడ్‌లైన్ పక్కన ట్రైనర్ల బల్ల మీద దర్జాగా పడుకుని కనిపించాడు. ఆ ఫొటో మీద మా గ్యాంగ్‌లో రెండు పార్టీలు పుట్టాయి. నడుం నొప్పి అన్నాడు కదా పడుకుంటాడు అని ఒక పార్టీ, చూశావా పొగరు అని ఇంకో పార్టీ. లారెన్స్ మీద విరుచుకుపడినప్పుడు "మనవాడు" అన్నవాళ్లే ఇప్పుడు పొగరన్నారు. నేను నడుం నొప్పి పార్టీ.

సరే, మంగళవారం మూడయింది. ఒక్కో పేరూ బయటికి వస్తుంటే ఎనిమిది మందిమీ కాల్‌లో ఉన్నాం. డ్యూస్ వాన్ పోయాడు. క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరే, డాక్, జో మిల్టన్. మూడోవాడిగా నేను రాసిన విల్ గ్రియర్ పోయాడు. కొత్త కార్నర్‌బ్యాక్ షెవాన్ రెవెల్ని నేను ఖాయంగా వేసుకున్నా, మూడో రౌండ్ పిక్ కదా ఎవడు తీస్తాడని. తియ్యలేదు. కాలేజీలో అయిన మోకాలి గాయం మానలేదని వేరే లిస్టులో పెట్టారు, ఆ లిస్టులో ఉన్నవాడు 53లోకి రాడు. డిమార్వియన్ ఓవర్‌షోన్ కూడా అంతే. ఉద్యోగం ఉంది, లిస్టులో పేరు లేదు. ఇలాంటి మెలిక ఉంటుందని మార్చిలో ఎవరైనా చెప్పారా? చెప్పారు. నెల్లూరు అక్క చెప్పింది, నేను వినలేదు.

ఆ అక్కే గెలిచింది. 49. ఈవిడ ఒక కంపెనీలో పేరోల్ చూస్తుంది. ఆటలో ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో ఇప్పటికీ గట్టిగా చెప్పలేదు, మ్యాచ్ చూసేటప్పుడు బఠానీలు వలుస్తుంది. ఆవిడ పద్ధతేమిటని అడిగితే చెప్పింది: "మీరంతా ఎవడు బాగా ఆడుతున్నాడని చూశారు. నేను ఎవడికి గ్యారంటీ డబ్బు ఇచ్చారో చూశా. తీసేసినా డబ్బు కట్టాల్సినవాణ్ని ఎవరు తీస్తారు? ముందు వాళ్లందర్నీ రాసేశా. తర్వాత ఈ రెండేళ్లలో డ్రాఫ్ట్ చేసినవాళ్లని రాశా, ఎందుకంటే తీసేస్తే తప్పు చేశామని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. ఇంక పదో పదకొండో మిగిలాయి. వాటికి మీ మాటలు విన్నాను." ఆరు నెలలు ప్రాక్టీస్ వీడియోలు చూసిన నాకు 44. అందరికంటే తక్కువ.

బిర్యానీ మర్నాడే తెమ్మన్నారు. చవితి రోజు బిర్యానీ ఏమిటి, ఇంట్లో వినాయకుడు ఉండగా కుదరదు అని మా ఆవిడ తేల్చేసింది. నిమజ్జనం అయ్యాక ఆదివారం అని వాయిదా పడింది. ఆ వాయిదా లేకపోతే ఆ రెండు ట్రేలు అంత చేదుగా ఉండేవి కావు.

గురువారం, ఆగస్టు 28. స్కూల్ దగ్గర కార్ లైన్‌లో ఉన్నా, ముందు ఇంకో ఏడెనిమిది కార్లు. ఫోన్ మోగడం మొదలెట్టింది. హన్మకొండ తమ్ముడు: "అన్నా పాయె." ఏం పాయె? నిజంగా మా వాళ్లకెవరికో ఏదో అయిందనుకుని చెయ్యి చల్లబడింది. తర్వాత చూస్తే మైకా పార్సన్స్ గ్రీన్ బే ప్యాకర్స్‌కి. బదులుగా 2026, 2027 డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండ్‌లో ఎంచుకునే వంతులు, అంటే పిక్‌లు, రెండు, అవతలివాళ్ల పరుగుని మధ్యలో ఆపే కెన్నీ క్లార్క్ అనే డిఫెన్సివ్ ట్యాకిల్ ఒకడు. ప్యాకర్స్ వెంటనే మైకాకి నాలుగేళ్లకి 188 మిలియన్లు రాసిచ్చింది. ఏడాదికి 47. మార్చిలో 35.5 దగ్గర మొదలైన లెక్క.

వెనకాల హారన్ కొట్టారు, లైన్ కదిలింది. మా వాడు సంచి విసిరేసి వెనక సీట్లో కూర్చున్నాడు. ఆ ఏడాది నుంచే టెక్సాస్ స్కూళ్లలో పిల్లల దగ్గర ఫోన్లు బంద్, కాబట్టి వాడికింకా తెలీదు. సిగ్నల్ దగ్గర చెప్పా. "మైకాని ట్రేడ్ చేశారు నాన్నా." వాడు ఏడవలేదు. కిటికీలోంచి చూస్తూ, "ఎంతమంది ఇచ్చారు?" అన్నాడు. ఒక మనిషి, రెండు పిక్‌లు అన్నా. "పిక్ అంటే ఇంకా లేని మనిషి కదా" అన్నాడు. అవునన్నా. ఇంటికొచ్చి జెర్సీ తీసి మడత పెట్టి బీరువాలో కింది అరలో పెట్టాడు. వాడు బట్టలు మడత పెట్టడం మేం చూడటం అదే మొదటిసారి.

ఆదివారం బిర్యానీ. గ్యారేజీలో మడత కుర్చీలు, పెద్దాయనకి పెరుగు ఎక్కువ వేసిన ప్లేటు. గుంటూరు అన్న వచ్చీ రావడంతోనే లెక్క తీశాడు. డాక్ 60, ల్యాంబ్ 34, మైకా 47, కూడితే 141, క్యాప్ 279. ముగ్గురికే సగం పోతే మిగతా యాభై మందికి ఏం పెడతావు? పైగా 2024లో మనని ప్రతి జట్టూ మధ్యలోంచి తోసుకుంటూ పరిగెత్తింది, క్లార్క్ ఆ చిల్లు పూడుస్తాడు. హన్మకొండ తమ్ముడు ప్లేటు కింద పెట్టేశాడు. "52 శాకులు చేసినోన్ని అమ్ముకొని గోడలు పూస్తరా? క్యాపు ప్రతి ఏడు పెరుగుతది, ఇసొంటోడు ప్రతి ఏడు పుడ్తడా?" పెద్దాయన 1989కి వెళ్లాడు. ఆ అక్టోబర్‌లో ఇదే జెర్రీ హర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చి, బోలెడు పిక్‌లు తెచ్చుకుని, వాటితో ఎమిట్ స్మిత్ లాంటివాళ్లని తీసుకుని జట్టు కట్టుకున్నాడు. ఆ పునాది మీదే తొంభైల్లో మూడు కప్పులు. "అప్పుడు కూడా తిట్టాం" అన్నాడాయన. కాసేపు ఆగి, "కానీ అప్పుడు పిక్‌లు ఎంచినవాడు కోచ్ జిమ్మీ జాన్సన్" అన్నాడు.

నా వాదన వేరు, ఇప్పటికీ అదే. ట్రేడ్ తప్పో ఒప్పో ఐదేళ్ల తర్వాత చూసుకోవచ్చు. అమ్మాలనుకుంటే మార్చిలో అమ్మాల్సింది, అప్పుడైతే బేరానికి పది జట్లు వస్తాయి, వచ్చిన పిక్‌లని ఏప్రిల్ డ్రాఫ్ట్‌లోనే వాడుకోవచ్చు. ఉంచుకోవాలనుకుంటే మార్చిలోనే 40కి అటూ ఇటూగా తేల్చుకోవాల్సింది. రెండూ చెయ్యకుండా మొదటి మ్యాచ్‌కి వారం ముందు అమ్మడం ఏం వ్యాపారం? ఇది మాకు కొత్త పాఠం కూడా కాదు. ఆ గ్యారేజీలో ఉన్న సగం మందిమి 2019లో "ఇంకొంచెం తగ్గుతుందేమో" అని ఆగి, కోవిడ్ తర్వాత ఫ్రిస్కోలో ఇంటి ధరలు ఎక్కడికో పోయాక నోరు మూసుకుని కొన్నవాళ్లమే. ఈ మాట అంటే గుంటూరు అన్నకి కోపమొచ్చింది. ఆయన కొన్నది 2022లో.

ఇంకో చిన్న పంచాయితీ కూడా నడిచింది. ఎనిమిది షీట్లలోనూ మొదటి పేరు మైకాదే. మంగళవారం మూడింటికి వాడు జట్టులోనే ఉన్నాడు కాబట్టి అందరికీ మార్కు వచ్చింది. రెండు రోజులకే పోయాడు కదా, ఆ మార్కు కొట్టేద్దామా అని ఎవరో అన్నారు. అందరికీ ఒకటి తగ్గితే వరస మారదు, నేను 43 అవుతా, అంతే. అయినా అరగంట వాదించుకున్నాం.

తర్వాత సీజన్‌లో ఏమైందో చాలామందికి తెలుసు. మొదటి మ్యాచ్ ఫిలడెల్ఫియాలో 24-20 తేడాతో ఓడాం. సెప్టెంబర్ 28న ప్యాకర్స్ ఇక్కడికే వచ్చింది, ఆర్లింగ్టన్‌లో. ఓవర్‌టైమ్‌లో మనవాళ్లు వాళ్ల గోల్ లైన్ దగ్గరికి చేరాక మైకా వచ్చి డాక్‌ని పడేశాడు, ఆ మ్యాచ్‌లో వాడి ఒకే ఒక్క శాక్ అది, టచ్‌డౌన్ అయ్యేది మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నాం. వాళ్లూ ఆఖరి క్షణంలో మూడు కొట్టారు. 40-40. డ్రా! ఆరు నెలలు కొట్టుకున్నవాళ్లకి దేవుడు ఇచ్చిన తీర్పు అది. రెండు పార్టీలూ గెలిచామనే చెప్పుకున్నాయి.

అక్టోబర్ 12న రికో డౌడిల్ పాంథర్స్ తరఫున మన మీదే 183 గజాలు పరిగెత్తి మనల్ని ఓడించాడు. నేను గ్యారేజీలో లేచి నిలబడి గుంటూరు అన్న వైపు చూశా. అన్న ఏమీ అనకుండా ఫోన్‌లో జవాంటే విలియమ్స్ గజాలు చూపించాడు. సీజన్ అయ్యేసరికి జవాంటే 1,200 దాటాడు, డౌడిల్ కూడా వెయ్యి దాటాడు. ఇద్దరం కరెక్టే, లేదా ఇద్దరం మార్చిలో ఊరికే గొంతు చించుకున్నాం. మైకా లేని డిఫెన్స్ మాత్రం లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు సమర్పించుకుంది. అది తట్టుకోలేకే నవంబర్‌లో న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ని తెచ్చుకోవడానికి ఇంకో మొదటి రౌండ్ పిక్ ఇచ్చేశారు. డిసెంబర్‌లో డెన్వర్‌లో మైకా మోకాలు పోయింది. ఆ సాయంత్రం గుంటూరు అన్న ఫోన్ చేసి "చూశావా" అంటాడేమో అనుకున్నా. అనలేదు. "బుడ్డోడు ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. మన జట్టు 7 గెలిచి, 9 ఓడి, ఆ ఒక్క డ్రాతో ఇంటికెళ్లింది.

నెల్లూరు అక్క కొత్త సీజన్‌కి షీట్ తెరిచేసింది, ఈసారి గ్యారంటీ డబ్బుకి విడిగా ఒక కాలమ్ పెట్టి. మా వాడు కూడా చేరతానంటున్నాడు, వాడికి సొంత షీట్ కావాలట, నాతో కలిసి అయితే ఓడిపోతానని భయం. జెర్సీ వాడికి పొట్టయిపోయింది. డొనేషన్ సంచిలో వేద్దామని మా ఆవిడ తీస్తే లాక్కుని చెల్లికి ఇచ్చాడు. దానికి మోకాళ్ల కిందికి వస్తుంది. రాత్రిపూట అదే వేసుకుని పడుకుంటోంది.